మంత్రిగారికి క్యూరింగ్

"వచ్చే వర్షాకాలం నాటికి ఈ దేశంలో ఆలోచనను సగానికి సగం తగ్గిస్తాం!"

ప్రజా మానసిక సౌభాగ్య శాఖామాత్యులు గౌరవనీయ కనీసియస్ జిన్యామూ గారు మునంగా స్టేడియంలో ఈ చరిత్రాత్మక ప్రకటన చేసినప్పుడు చప్పట్లు నాలుగు నిమిషాల సేపు మోగాయని పత్రికలన్నీ రాశాయి. అందులో మొదటి మూడు నిమిషాలూ ఆడవాళ్ళు దోసిళ్ళు తట్టి చేసిన మామూలు పలకరింపేననీ, పెద్దమనిషి ఎవరు ఎదురైనా వాళ్ళు అలాగే తడతారనీ కొందరు గిట్టనివాళ్ళు అన్నారు. గిట్టనివాళ్ళ నోటికి మూత ఎవరు పెట్టగలరు?

"మలేరియా మీద పోరాడాం. దోమ కంటికి కనబడుతుంది, కొడితే చస్తుంది," అన్నారు మంత్రిగారు. "ఆలోచన అలా కాదు. తల లోపల నక్కి కూర్చుంటుంది. నన్ను చూడండి! ఇరవై రెండేళ్ళుగా ప్రజాసేవలో ఉన్నాను. ఒక్కరోజైనా ఆలోచించానా?"

"లేదు!" అంది జనం. ఈ మాట మాత్రం గిట్టనివాళ్ళు కూడా మనస్ఫూర్తిగా అన్నారు.

మూడో వరసలో కూర్చున్న నోమేటర్ గ్వటిజోకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే ఈ ఘనకార్యానికంతటికీ మూలం అతను రాసిన ఒక్క ముక్క.

నోమేటర్ ఆ శాఖలో కమ్యూనిటీ సైకాలజీ ఆఫీసరు. దేశం మొత్తానికి ఆ పోస్టు ఒక్కటే, అదీ టెంపరరీ. మునంగా ఊళ్ళో నాలుగో సెక్షన్ అనే పేటలో పుట్టి, అక్కడి మొక్కజొన్న ముద్ద తిని, యూనివర్సిటీకి వెళ్ళి చదువుకున్నవాడు. మనిషి మనసు చెడిందంటే ముందు ఆ మనిషి వీధి చూడు అని ఆ చదువు చెబుతుంది. నోమేటర్ అది నిజమని నమ్మాడు. ఉద్యోగంలో చేరాక కూడా నమ్ముతూనే ఉన్నాడంటే ఎంత మొండివాడో చూడండి.

నాలుగో సెక్షన్‌లో బోరింగు చెడిపోయి అప్పటికి ఎనిమిది నెలలైంది. లోపల రాడ్లు తెగిపోయాయి. ఆడవాళ్ళు బకెట్లు నెత్తినపెట్టుకుని రాళ్ళదారిలో వాగు దాకా పోయి వస్తున్నారు. నోమేటర్ పద్నాలుగు ప్రశ్నల కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. నిద్ర పడుతోందా, తిండి సహిస్తోందా, ఊరికే ఏడుపొస్తోందా అని అడిగితే ఇంటింటా ఒకటే మాట: "కుఫుంగిసీసా, నాయనా." అంటే దిగులు. వాళ్ళ షోనా భాషలో అక్షరాలా చెప్పుకుంటే 'మరీ ఎక్కువ ఆలోచించడం'. ఆ అక్షరాలను ఎవరూ పట్టించుకోరు. కడుపు మండిపోతోందన్నవాడి మీద ఎవరూ బిందెడు నీళ్ళు పోయరు గదా! మునంగాలో అయితే పోద్దామన్నా లేవు.

నోమేటర్ రిపోర్టులో మొదట 'డిప్రెషన్' అని రాశాడు. ఫైలు వెనక్కి వచ్చింది. 'డిప్రెషన్ అను పదము ఆర్థిక శాఖ పరిధిలోనిది. దేశంలో డిప్రెషన్ లేదని సదరు శాఖ పోయిన నెలలోనే ప్రకటించి ఉన్నందున, మునంగాలో మాత్రం ఉండుటకు వీలులేదు' అని దాని మీద రాసి ఉంది. విసిగిపోయి, ఉన్న మాటను ఉన్నట్టు ఇంగ్లీషులోకి దించి, అట్ట మీద ఇలా వేశాడు: 'మునంగాలో నూటికి ఎనభై ఏడుగురు అతిగా ఆలోచిస్తున్నారు.' నలభై ఒకటో పేజీలో అసలు సంగతి రాశాడు: 'కారణం: బోరింగు. మందు: బోరింగు.'

మంత్రిగారు ఏ రిపోర్టైనా అట్ట మాత్రమే చదువుతారు. అట్ట చదివి ఉలిక్కిపడ్డారు. ఎన్నికలు రెండేళ్ళలో ఉన్నాయి, నూటికి ఎనభై ఏడుగురు ఆలోచిస్తున్నారు! ఏ మంత్రికి మాత్రం నిద్ర పడుతుంది?

సభ అయ్యాక నోమేటర్ ధైర్యం కూడగట్టుకుని వేదిక వెనక్కి వెళ్ళాడు.

"అయ్యా, చిన్న పొరపాటు. అది మా వాడుక మాట. ఆలోచన అంటే ఆలోచన కాదండి, దిగులు."

"దేని గురించి దిగులు?"

"నీళ్ళ గురించండి."

"నీళ్ళ గురించి దిగులు పడాలంటే ముందు నీళ్ళ గురించి ఆలోచించాలా, వద్దా?"

"ఆలోచించాలండి."

"మరి! జబ్బు మూలం పట్టేశాను, చూశావా?"

"మూలం మనిషిలో ఉండదండి, పరిసరాల్లో ఉంటుంది. చెరువులో చేపలన్నీ వెల్లకిలా తేలుతుంటే మనం చేపలకు మందివ్వం, నీళ్ళు చూస్తాం..."

"చేపలు ఆలోచిస్తాయా?"

"ఆలోచించవనుకుంటానండి."

"అందుకే ఏ చేపా ఇంతవరకు ధర్నా చెయ్యలేదు," అని మంత్రిగారు అతని భుజం తట్టారు. "బుర్ర ఉన్నవాడివి. ఆలోచన నిర్మూలన మిషన్‌కి నువ్వే డైరెక్టరువి."

పోస్టు మాత్రం టెంపరరీగానే ఉంచారు.

ఆ సాయంత్రం నోమేటర్ నాలుగో సెక్షన్‌కి వెళ్ళాడు. బోరింగు కమిటీ అధ్యక్షురాలు రవీరో అవ్వ అతనికి స్వయానా పెద్దమ్మ. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, రెండు మోకాళ్ళూ పట్టేశాయి. నిలువెత్తు రోకలితో రోట్లో వేరుశనగలు దంచుతూ, చెయ్యి ఆపకుండానే పలకరించింది.

"ఏరా నోమేటర్, మమ్మల్ని ఆలోచించొద్దన్నాడటగా మీ మంత్రి? మంచిదే. నా మోకాళ్ళకి కూడా చెప్పి పొమ్మను."

"తప్పు నాదే పెద్దమ్మా. ఆ మాట నేనే అలా రాశాను."

"రాస్తే రాశావులే. బోరింగు సంగతి?"

"తెప్పిస్తాను పెద్దమ్మా. ఎలాగైనా సరే తెప్పిస్తాను."

"పోయినసారీ ఇదే అన్నావు. ఈసారి 'ఎలాగైనా సరే' అని ఒక ముక్క కలిపావు. వచ్చేసారికి ఒట్టు కూడా వేస్తావు," అంది ఆవిడ. కానీ పోయేటప్పుడు వేరుశనగలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది. నోమేటర్‌కి ఆ పొట్లం రాయంత బరువుగా తోచింది.

మిషన్ మాత్రం దేదీప్యమానంగా సాగింది. 'ఆలోచన ఆరోగ్యానికి హానికరం' అని ప్రతి బస్సు మీదా రాయించారు. బడిపిల్లల లెక్కల పుస్తకంలోంచి 'ఒక రైతు వద్ద...' అని మొదలయ్యే లెక్కలన్నీ తీసేశారు. ఆ రైతు వద్ద ఏమున్నదో పిల్లలకెందుకు? బీర్‌హాలు అరుగు మీద సీసా మూతలే పావులుగా చదరంగంలాంటి డ్రాఫ్ట్స్ ఆడుతున్న ముగ్గురు ముసలివాళ్ళను పోలీసులు పట్టుకెళ్ళారు. పదిమందీ తిరిగే చోట బాహాటంగా ఆలోచించారన్నది అభియోగం.

"ఒక్క ఎత్తు వెయ్యడానికి వీడు నలభై నిమిషాలు ఆలోచించాడు సార్," అన్నాడు కానిస్టేబులు.

"నేను ఆలోచించలేదు బాబూ, కునుకు పట్టింది," అన్నాడు ముసలాయన.

"అలా అయితే ఆదర్శ పౌరుడివి," అని ఇన్‌స్పెక్టరు ఆయనకు టీ పోయించి, నెత్తిన మిషన్ వాళ్ళ టోపీ పెట్టించి, ఇంటి దాకా జీపులో దింపించాడు. మిగతా ఇద్దరూ కూడా అప్పటికప్పుడు గుర్రుపెట్టారట.

నోమేటర్ ఇంకో దారి వెతికాడు. మంత్రిగారికి ఇంగ్లీషు మాటలంటే ప్రాణం కాబట్టి, ఒక మాటను ఎరవేశాడు.

"అయ్యా, మా శాస్త్రంలో ఎంపవర్‌మెంట్ అని ఒకటుంది. జనానికి తమ వనరుల మీద తమకే అధికారం ఇవ్వడం. బోరింగు మీద ఆడవాళ్ళకు అధికారం ఇచ్చి, గోడౌన్‌లో ఉన్న రాడ్లు వాళ్ళకి అప్పగిస్తే..."

"ఎంపవర్‌మెంట్!" అని మంత్రిగారు కళ్ళు మూసుకుని ఆ మాటను చప్పరించారు. "శనివారమే పెట్టు."

శనివారం నాడు ఎండిన బోరింగుకి రిబ్బను కట్టారు. బ్యాండు వచ్చింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ రవీరో అవ్వ చేతిలో పెట్టి, "ఈ రోజు నుంచి ఈ బోరింగు మీదే!" అన్నారు.

అవ్వ దోసిలి తట్టి పలకరించింది. మంత్రిగారి పి.ఏ. ఆబ్వియస్ గారు దాన్ని హర్షధ్వానాల ఖాతాలో రాసుకున్నారు.

"సంతోషం నాయనా. అది నీళ్ళిచ్చినప్పుడూ మాదే, ఇవ్వనప్పుడూ మాదే. రాడ్లు మాత్రం మీ గోడౌన్‌లో ఉన్నాయి. అవి కూడా మావేనా?"

"రాడ్లు ఇస్తే మీరు ప్రభుత్వం మీద ఆధారపడిపోతారమ్మా. అది ఎంపవర్‌మెంట్‌కి విరుద్ధం," అని మంత్రిగారు నోమేటర్ వైపు తిరిగారు. "శాస్త్రం అదే చెబుతోంది కదూ?"

నోమేటర్ నోరు తెరిచాడు. బ్యాండు అందుకుంది.

"ఒరేయ్, దీనికేనా నీ తల్లి ఉన్న ఒక్క ఆవునూ అమ్మి నిన్ను చదివించింది?" అంది అవ్వ బ్యాండు ఆగాక. నోమేటర్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ సర్టిఫికెట్‌ని మాత్రం ఆవిడ పారెయ్యలేదు. బకెట్ మీద మూతగా సరిగ్గా సరిపోయింది.

ఇంతలో మిషన్ చివరి ఘట్టానికి వచ్చింది. అందరికంటే తక్కువ ఆలోచించే సెక్షన్‌కి శాశ్వత బహుమతి ఇస్తామని మంత్రిగారు ప్రకటించారు. బహుమతి ఏమిటో రహస్యం. నోమేటర్ పి.ఏ. ఆబ్వియస్ గారి వెంటపడ్డాడు.

"పేరు చెప్పొద్దు సార్. ఎక్కడ పెడతారో చెప్పండి చాలు."

"సెక్షన్ నడిబొడ్డున. మీ సెక్షన్ గెలిస్తే ఆ పాత బోరింగు దగ్గరే."

"భూమిలో పాతేదా?"

"లోతుగా."

"ఇనుమూ సిమెంటూనా?"

"రెండూ. ఎత్తు ఏడడుగులు. జనం చూసి మురిసిపోవాలి. ఇంతకు మించి అడక్కు."

ఇంకా అడగాల్సింది ఏముంది? నోమేటర్ పరుగున పోయి పెద్దమ్మకు చెప్పాడు. కొత్త బోరింగు! రవీరో అవ్వ కమిటీని పిలిచింది. అందరూ ఒకే మాట మీద ఉండాలి, పద్నాలుగు ప్రశ్నలకూ 'లేదు' అనాలి, ఏమీ ఆలోచించడం లేదనాలి. ఆవిడే ఆఫీసరై రిహార్సలు పెట్టింది.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"మొద్దు నిద్ర!"

"ఏడుపొస్తోందా?"

"నవ్వాపుకోలేక ఛస్తున్నాం!"

"నీళ్ళ గురించి దిగులుందా?"

"నీళ్ళా? అంటే ఏమిటవ్వా?" అంది ఫరాయి వాళ్ళమ్మ.

"మరీ అంత వద్దే! అనుమానపడతారు," అంది అవ్వ. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. పదకొండు నెలల తర్వాత ఆ బోరింగు చప్టా మీద అంత నవ్వు వినబడటం అదే మొదలు. నోమేటర్‌కి కూడా ప్రాణం లేచొచ్చింది. ఆ నవ్వునే రిపోర్టులో రాస్తే బాగుండుననిపించింది గానీ, పద్నాలుగు ప్రశ్నల్లో దానికి చోటు లేదు.

ఫలితాలు వచ్చాయి. నాలుగో సెక్షన్‌లో ఆలోచన: సున్నా. ఆ సున్నాను నోమేటర్ తన చేత్తోనే వేశాడు. నిండుగా, గుండ్రంగా వేశాడు.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "ప్రపంచంలో ఏ దేశమూ సున్నా సాధించలేదు!" అన్నారు. మర్నాడే లారీ వచ్చింది. బోరింగు పక్కనే గొయ్యి తవ్వారు. ఆడవాళ్ళు పాటలెత్తుకున్నారు. ఇనప కడ్డీలు దిగాయి, సిమెంటు దిగింది, ఆ తర్వాత అచ్చు దిగింది. ఆ అచ్చుకి రెండు చెవులున్నాయి.

పాట మధ్యలో ఆగిపోయింది.

"మీ అందరి బదులూ నేనొక్కణ్ణే ఆలోచిస్తాను," అన్నారు మంత్రిగారు గద్గదంగా. "అందుకే ఈ విగ్రహం. చూపుడువేలు కణత మీద పెట్టుకుని నిలబడతాను. మీరు నిశ్చింతగా పడుకోండి."

"అయ్యా, బోరింగు?" అన్నాడు నోమేటర్.

"నీళ్ళ గురించి ఒక్కళ్ళకీ ఆలోచన లేదని నువ్వే సంతకం పెట్టావు కదయ్యా! ఆలోచనే లేని సమస్యకి రాడ్లెందుకు? మూడో సెక్షన్‌లో ఇంకా నూటికి అరవై మంది ఆలోచిస్తున్నారు, చూస్తే వాళ్ళకి చూడాలి."

నోమేటర్ పెద్దమ్మ మొహం చూడలేకపోయాడు. మోసం చేసింది మంత్రి కాదు, తానే అనిపించింది. రవీరో అవ్వ మాత్రం విగ్రహం పోయడానికి వచ్చిన ఇంజినీరునే చూస్తోంది. ఆయన ఒక ట్యాంకరు నీళ్ళతో సిమెంటు కలిపించి, పోయించి, మూడో రోజున అచ్చు విప్పించి, ఖాళీ ట్యాంకరు మీద తట్టి చూసి, నెత్తి గోక్కున్నాడు.

"ఏమైంది నాయనా?" అంది అవ్వ.

"క్యూరింగ్, అవ్వా. ఇరవై ఒక్క రోజులు గోనెపట్టాలు చుట్టి పొద్దున్నా సాయంత్రం నీళ్ళతో తడుపుతూ ఉండాలి. లేకపోతే పగులుతుంది."

"ఎక్కణ్ణుంచి పగులుతుంది?"

"నెత్తి మీద నుంచి."

అవ్వ తల పంకించింది. "పాపం. ఆ సంగతి మంత్రిగారికి చెప్పావా? నువ్వు చెప్పకపోతే ఎవరు చెబుతారు? వచ్చే నెల ఆవిష్కరణకి ఏకంగా దేశాధ్యక్షులే వస్తున్నారంటగా."

ఇంజినీరు ఫోన్ చేశాడు. ఆ సంభాషణను నోమేటర్ చెవులారా విన్నాడు.

"ఎవరి నెత్తి?" అన్నారు మంత్రిగారు.

"తమదేనండి."

"ట్యాంకరు రోజూ పంపిస్తే?"

"డీజిలు కావాలంటే రవాణా శాఖ ఆలోచించి చెబుతామంది సార్. మన మిషన్ వల్ల వాళ్ళు ఆలోచించడం మానేశారు."

పదకొండు నెలలు గోడౌన్‌లో పడుకున్న రాడ్లు రెండు గంటల్లో వచ్చాయి. మెకానిక్కులు నలుగురు వచ్చారు. తలుచుకుంటే మంత్రిగారు ఎంత చురుకైనవారో మునంగా ఆ రోజు కళ్ళారా చూసింది. నాలుగోసారి కొట్టేసరికి బోరింగు దగ్గింది, ఆరోసారికి ఎర్రమట్టి కక్కింది, పదోసారికి నీళ్ళు! ఫరాయి వాళ్ళమ్మ నడుముకి చుట్టుకున్న గుడ్డ బిగించుకుని చప్టా మీద గంతులేసింది. నోమేటర్ బూట్లతోనే నీళ్ళలోకి దిగి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇది మాత్రం ఏ రిపోర్టులోనూ లేదు.

నిబంధనలు రాతపూర్వకంగా ఇచ్చారు. ఒకటి, నీళ్ళు విగ్రహం కోసం. రెండు, తడిపే పని ప్రజల భాగస్వామ్యంతో జరగాలి. మూడు, ఇరవై ఒకటో రోజున రాడ్లు ఊడదీసి గోడౌన్‌కి చేర్చాలి. రవీరో అవ్వను క్యూరింగ్ అధ్యక్షురాలిగా నియమించారు. పొద్దున్నే ఆడవాళ్ళు బిందెలూ బకెట్లూ నింపుకుని, వెళ్తూ వెళ్తూ మంత్రిగారి మీద తలో చెంబెడు పోసేవాళ్ళు. గోనెపట్టాల్లోంచి ఆయన చూపుడువేలు ఒక్కటే బయటికి కనబడేది.

ఇరవయ్యో రోజున మంత్రిగారి నుదురు పగిలింది.

ఇంజినీరు పరుగెత్తుకొచ్చాడు. నిచ్చెన వేసుకుని ఎక్కి, వేలితో తలమీద కొట్టి చూశాడు. ఖాళీ డబ్బాను కొట్టినట్టు మోగింది. విగ్రహం కాంట్రాక్టరు సిమెంటు ఎక్కడ మిగుల్చుకున్నాడో ఆయనకి అర్థమైంది, గానీ ఫైల్లో రాయలేదు. మంత్రిగారి తల లోపల ఏమీ లేదని సంతకం పెట్టి ఎవరు రాస్తారు? పగులు పూడ్చి, "కొత్త పూత కాబట్టి మళ్ళీ ఇరవై ఒక్క రోజులు తడపాలి" అని రాశాడు. ఆవిష్కరణ వాయిదా పడింది. రాడ్లు ఉండిపోయాయి.

ఆ తర్వాత ఇరవయ్యో రోజున మళ్ళీ పగిలింది. అదే చోట.

ఇప్పటికి పదహారుసార్లు పగిలింది. నోమేటర్ ఏడాది చివరి రిపోర్టు రాశాడు. 'నాలుగో సెక్షన్‌లో ఆలోచన సున్నా స్థాయిలోనే నిలకడగా కొనసాగుతున్నది. ప్రజల భాగస్వామ్యం అమోఘం.' మంత్రిగారు అట్ట చదివి ఎంతో సంతోషించి, అతని పోస్టును మరో ఏడాది టెంపరరీగా పొడిగించారు.

మొన్న పదహారోసారి పూడ్చడానికి వచ్చినప్పుడు ఇంజినీరు నిచ్చెన దిగి, చేతులు కడుక్కుంటూ, రవీరో అవ్వను సూటిగా అడిగాడు.

"అవ్వా, నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు. ప్రతిసారీ సరిగ్గా ఇరవయ్యో రోజున, సరిగ్గా అదే చోట ఎలా పగులుతుందంటావు?"

అవ్వ రోకలిని విగ్రహానికి ఆనించి, బకెట్ బోరింగు కింద పెట్టింది.

"ఏమో నాయనా. మేం ఆలోచించడం మానేశాం కదా!"